వందేళ్ళ నాటి అమెరికన్ రంగురాళ్ళ నగను పరీక్షించడం ఎలా? వెనుక నుంచి ముందుకు, అడుగడుగునా

అమెరికాలో ఉంటున్న పాఠకులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. పాత సామాన్ల అమ్మకంలో ఒక వెండి బ్రోచ్ దొరికింది. మధ్యలో పాల రంగు రాయి, చుట్టూ ఆకులు, వెనుక ఏవో అక్షరాలు. రాయి నిజమైనదేనా? ఎంత పాతది? ఈసారి ఇండియా వచ్చినప్పుడు మన కంసాలికి చూపిస్తే సరిపోతుందా?

దాదాపు 1900 నుంచి 1930 వరకు అమెరికాలో చేతిపనికి ప్రాధాన్యమిచ్చి తయారైన కళాభరణాలకే ఈ మార్గదర్శి పరిమితం. న్యూయార్క్‌లో లూయిస్ కంఫర్ట్ టిఫనీ, బోస్టన్‌లో ఫ్రాంక్ గార్డ్‌నర్ హేల్, జోసెఫిన్ హార్ట్‌వెల్ షా, ఎడ్వర్డ్ ఓక్స్, షికాగోలో కాలో షాప్, వీళ్ళ చుట్టూ పనిచేసిన ఎందరో పేరు తెలియని చేతులు ఈ కోవలోకి వస్తాయి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఈ నగల్లో రాయిని ధర చూసి ఎంచుకోలేదు, రంగు చూసి ఎంచుకున్నారు. పక్కనున్న లోహంతో, మీనాతో (లోహం మీద కరిగించి పూసిన రంగుల గాజుపూత), మరో రాయితో ఆ రంగు ఎలా కలుస్తుందో చూసుకున్నారు. అందుకే రాళ్ళను విడిగా లెక్కగట్టి, బంగారాన్ని విడిగా తూచితే ఈ నగ విలువ తెలియదు. అసలు రాయి తన అసలు గూటిలోనే (రాయిని కూర్చోబెట్టిన లోహపు అరలోనే) ఉందా అన్నదే మీరు తేల్చుకోవలసిన ప్రశ్న. మిగతా అడుగులన్నీ దానికోసమే.

1. ముందు సిద్ధం చేసుకోవలసినవి

• పది రెట్లు పెద్దదిగా చూపే లూప్, అంటే కంటి దగ్గర పట్టుకునే చిన్న భూతద్దం (ఇరవై రెట్లది వద్దు, కొత్తవాళ్ళకు దానిలో చూపు నిలవదు)
• సన్నని వెలుగు పడే చిన్న టార్చి
• ఒక తెల్ల కాగితం, ఒక నల్ల గుడ్డ
• బల్ల మీద పరచడానికి మందపాటి తువాలు
• మిల్లీమీటర్ల స్కేలు, చిన్న నగల త్రాసు
• నోటుపుస్తకం, ఫోను కెమెరా

దగ్గర ఉంచుకోకూడనివి కూడా ఉన్నాయి: గీటురాయి, యాసిడ్, సూది, లైటరు, పాలిష్ గుడ్డ. వీటిలో ఏది వాడినా నగ మీద మచ్చ మిగులుతుంది. మనకు ఇంకా ఏమీ తెలియని దశలో అది చాలా పెద్ద నష్టం.

లూప్‌ను కంటికి ఆనించినట్టే పట్టుకుని, నగను దాని దగ్గరకు తీసుకురావాలి. రెండు కళ్ళూ తెరిచే ఉంచండి. దాదాపు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో బొమ్మ స్పష్టమవుతుంది. రెండు మోచేతులూ బల్లకు ఆనించితే చెయ్యి వణకదు.

ముందు ఫోటోలు తీయండి: ముందు వైపు, వెనుక వైపు, రెండు పక్కలు, ప్రతి ముద్ర, ప్రతి రాయి. కొలతలు, బరువు రాసుకోండి. అప్పటివరకు నగను తుడవకండి. ఆ మురికే సాక్ష్యం. వందేళ్ళ మట్టి అన్ని గూళ్ళలో ఒకేలా పేరుకుని ఉంటుంది. నాలుగు గూళ్ళు నల్లగా ఉండి ఐదోది మెరుస్తుంటే, అక్కడ ఈ మధ్యే ఎవరో చెయ్యి పెట్టారని అర్థం.

2. నవరత్నాల అలవాటును కాసేపు పక్కన పెట్టండి

మన కంటికి ఎర్రరాయి కనబడితే కెంపు, ఆకుపచ్చది కనబడితే పచ్చ, నీలిది కనబడితే నీలం. మన ఇళ్ళలోని నగలకు అది చాలావరకు సరిపోతుంది. ఇక్కడ సరిపోదు.

ఈ అమెరికన్ నగల్లో గులాబీ రంగు రాయి టూర్మలిన్ కావచ్చు, కుంజైట్ కావచ్చు. ఆకుపచ్చది పెరిడాట్, డిమాంటాయిడ్ గార్నెట్, క్రిసోప్రేజ్, టూర్మలిన్ వీటిలో ఏదైనా కావచ్చు. పచ్చ కాలేదని నిరాశపడకండి. ఆకు ఆకృతి పక్కన ఏ ఆకుపచ్చ కుదురుతుందో చూసి పెట్టిన రాయి అది. నాకైతే ఒక మంచి పెరిడాట్ పక్కన మామూలు రకం పచ్చ వెలవెలబోతుంది.

రాళ్ళ కోత కూడా మనకు కొత్తగా ఉండదు. పలకలు తీయకుండా నున్నగా గుబ్బలా సానబట్టిన రాళ్ళు ఇక్కడ చాలా ఎక్కువ. వాటిని కాబోషాన్లు అంటారు. మన పాత నగల్లోని గుండ్రని కెంపుల కోత ఇదే. పలకలు లేవు కనుక చవక రాయి అనుకోవడం తప్పు.

3. మొదట వెనుక వైపు చూడండి

ముందు వైపు అందరూ చూస్తారు, మార్చాలనుకున్నవాళ్ళు కూడా ముందు వైపే సరిచేస్తారు. వెనుక వైపును ఎవరూ అంతగా పట్టించుకోరు. అందుకే నిజం అక్కడ దొరుకుతుంది.

నగను తువాలు మీద బోర్లా పెట్టి ఈ వరుసలో చూడండి.

అతుకులు. బంగారానికి బంగారపు టంకం, వెండికి వెండి టంకం పెట్టిన చోట రంగు కలిసిపోతుంది, అతుకు సన్నగా ఉంటుంది. బూడిద రంగులో, ముద్దగా, కరిగి కారినట్టున్న అతుకు కనబడితే అది తర్వాత ఎవరో తగరం, సీసంతో చేసిన మరమ్మతు. నగ విలువ బాగా తగ్గుతుంది. పైగా తర్వాత మంచి పనివాడు సరిచేయబోయినా, వేడి తగలగానే ఆ సీసం బంగారాన్ని తినేస్తుంది.

పిన్ను, కొక్కెం. తాళం లేని సాదా సి ఆకారపు కొక్కెం పాత పద్ధతి. చిన్న చక్రంలా తిరిగి మూసుకునే తాళపు కొక్కేలు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వ్యాపించాయి. రెండూ ఈ నగల కాలంలో కనబడతాయి కనుక ఒక్క కొక్కెం చూసి తేదీ కట్టకండి. కొక్కెం అడుగున వేరే రంగు టంకం ఉందా అన్నదే ముఖ్యం. చెవి నగలైతే, కుట్టు లేని చెవికి వెనుక మర బిగించే రకం ఈ నగల కాలానిది. స్ప్రింగుతో నొక్కి పట్టే క్లిప్పు రకం 1930ల నాటిది.

రాయి అడుగు. గూడు వెనుక తెరిచి ఉందా, మూసి ఉందా? తెరిచి ఉంటే టార్చి వెలుగు వెనుక నుంచి వేసి రాయి లోపలికి చూడవచ్చు. మూసి ఉంటే లోపల రేకు ఉండవచ్చు. మన కుందనం పనిలో రాయి కింద రేకు పెట్టినట్టే అనుకోండి. అలాంటి నగకు నీళ్ళు తగలకూడదు.

చేతిపనా, అచ్చుపనా? న్యూయార్క్ పక్కనే ఉన్న న్యూఆర్క్ నగరంలోని కర్మాగారాలు కూడా ఇదే కాలంలో ఆకులు, పూలు, స్త్రీ ముఖాల ఆకృతుల్లో 14 క్యారెట్ల నగలను పెద్ద సంఖ్యలో చేశాయి. అవీ అందమైనవే, ధర మాత్రం వేరు. అచ్చులో కొట్టిన ఆకును వెనక్కి తిప్పితే ముందున్న ఎత్తులన్నీ వెనుక పల్లాలుగా కనబడతాయి. పది ఆకులుంటే పదీ ఒకేలా ఉంటాయి. చేత్తో కోసిన ఆకుల్లో ఏ రెండూ ఒకటి కావు. తీగ ఆకును కలిసిన ప్రతి చోటా చిన్న అతుకు, అక్కడక్కడ ఆకురాయి గీతలు కనబడతాయి.

4. ముద్రలను చదవడం

ముద్రలను పక్క నుంచి పడే వెలుగులో చూడండి. సూటిగా పడే వెలుగులో అరిగిన అక్షరాలు మాయమవుతాయి.

• స్టెర్లింగ్ అని ఉంటే వెయ్యికి 925 వంతుల వెండి.
• 14కె అంటే దాదాపు 58 శాతం బంగారం, 18కె అంటే 75 శాతం. మన 22 క్యారెట్లతో పోల్చి దీన్ని నాసిరకం అనకండి. సన్నని తీగలు వంగకుండా నిలబడాలంటే ఆ గట్టిదనం కావాలి.
• ముద్ర ఏదీ లేకపోయినా నకిలీ అని తేల్చేయకండి. అమెరికాలో 1906 నాటి చట్టం తప్పుడు ముద్ర వేయడాన్ని నిషేధించింది గానీ, ముద్ర వేసి తీరాలని చెప్పలేదు. నాణ్యత ముద్ర వేస్తే పక్కన తయారీదారు గుర్తు కూడా ఉండాలన్న నియమం 1961లో వచ్చింది. అందుకే మనం చూస్తున్న ఆ కాలపు నగ మీద 14కె అని మాత్రమే ఉండవచ్చు, ఏమీ లేకనూపోవచ్చు.

తయారీదారుల ముద్రల్లో ఎక్కువ గందరగోళం టిఫనీ పేరుతోనే. లూయిస్ కంఫర్ట్ టిఫనీ 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో తన మొదటి నగలు 27 చూపించారు. ఆ తొలి నగల మీద ఆయన సొంత పేరు ఉంటుంది. 1907లో ఆయన నగల విభాగం తండ్రి స్థాపించిన టిఫనీ అండ్ కంపెనీలో కలిసింది. అక్కడి నుంచి అదే కళాభరణాల మీద కంపెనీ పేరే పడింది. కాబట్టి కంపెనీ పేరు కనబడినంత మాత్రాన అది ఆయన కార్యశాల నగ అనుకోకూడదు, కాదని కొట్టేయకూడదు. పని తీరును, రాళ్ళ ఎంపికను చూసే తేల్చాలి.

ఎడ్వర్డ్ ఓక్స్ ముద్ర చూడముచ్చటగా ఉంటుంది. ఇంటిపేరుకు తగ్గట్టే ఓక్ ఆకు, దాని కాయ, మధ్యలో పేరు. 1900లో క్లారా బార్క్ వెల్స్ మొదలుపెట్టిన కాలో షాప్ నగల మీద కాలో, స్టెర్లింగ్ అన్న మాటలు కనబడతాయి.

పేరున్న ముద్రను చూడగానే సంబరపడకుండా ఒక పరీక్ష చేయండి. అక్షరాల అంచుల అరుగుదల, చుట్టూ ఉన్న లోహపు అరుగుదల ఒకేలా ఉన్నాయా? నగంతా నున్నగా అరిగిపోయి, పేరు మాత్రం పదునుగా ఉంటే ఆ పేరు తర్వాత చేరింది.

5. రాళ్ళను ఒక్కొక్కటిగా చదవడం

ఈ అడుగుకు తొందర పనికిరాదు. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట కూర్చోండి.

చంద్రకాంతం. షికాగో వెండి పనిలోనూ బోస్టన్ పనిలోనూ ఇది చాలా ఇష్టమైన రాయి. ఎక్కువగా సింహళం నుంచి వెళ్ళింది. రాయిని మెల్లగా అటూ ఇటూ తిప్పితే లోపల నీలి లేదా తెల్లని వెలుగు నీటి మీది నీడలా జరుగుతుంది. లూప్‌తో లోపలికి చూస్తే జెర్రి కాళ్ళలాంటి సన్నని పగుళ్ళు కనబడవచ్చు. అది లోపం కాదు, సహజ చంద్రకాంతపు గుర్తు. పాల గాజుతో చేసిన నకిలీలో ఆ వెలుగు జరగదు, అంతటా ఒకేలా ఉంటుంది. వెనుక నుంచి టార్చి వేస్తే నారింజ ఛాయ తేలుతుంది, గాలి బుడగలు కనబడతాయి.

నేను చూసిన ఒక బ్రోచ్ గురించి చెబుతాను. రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దది, వెండిది, ఐదు చంద్రకాంతాలు. ముందు నుంచి చూస్తే ఐదూ ఒకటే. పక్క నుంచి చూస్తే నాలుగు రాళ్ళు ఎత్తుగా, వాన చినుకులా నిలబడి ఉన్నాయి. ఐదోది బల్లపరుపుగా ఉంది. దాని గూటి అంచు మీద మాత్రమే కొత్త ఆకురాయి గీతలు. అమ్మిన మనిషికి కూడా ఆ సంగతి తెలియదు. పక్క నుంచి చూసే అలవాటు అప్పటి నుంచి నాకు వదలలేదు.

ఓపల్. లూయిస్ టిఫనీ మనసు పారేసుకున్న రాయి ఇదే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆయన 1904 ప్రాంతపు కేశాభరణం ఒకటి ఉంది. ఎండిన డాండిలైన్ పూల బంతుల మీద వాలిన తూనీగలు, వాటికి నల్ల ఓపల్స్, డిమాంటాయిడ్లు. మ్యూజియం వెబ్‌సైటులో దాని ఫోటోను పెద్దది చేసి చూడండి. ఓపల్‌లో తిప్పినకొద్దీ రంగు మారే గుణాన్ని తూనీగ ఒంటి మీది తళుకు కోసం ఎలా వాడారో కళ్ళారా తెలుస్తుంది. మీ చేతిలోని నగను చూసే ముందు అలాంటివి ఓ పది చూస్తే కన్ను పదునెక్కుతుంది.

మీ ఓపల్‌లో చూడవలసినవి మూడు. ఒకటి, టార్చిని పక్క నుంచి వేస్తే సాలెగూడులాంటి సన్నని పగుళ్ళు కనబడుతున్నాయా? రెండు, అంచు దగ్గర సరళరేఖలా పొర గీత ఉందా? ఉంటే పలుచని ఓపల్ కింద వేరే రాయి అతికించారన్నమాట. అయితే అడుగున ముదురు గోధుమ రంగు రాతిపొర ఉండి, అది ఎగుడుదిగుడుగా కలిసి ఉంటే అది సహజమైన బౌల్డర్ ఓపల్, భయం లేదు. మూడు, రంగుల మచ్చల అంచులు బల్లి చర్మంలా, గళ్ళుగా, మరీ క్రమంగా ఉన్నాయా? అలా ఉంటే కృత్రిమ ఓపల్. అది 1970లలో బజారులోకి వచ్చింది.

నారింజ రంగులో పారదర్శకంగా ఉండే మెక్సికో అగ్ని ఓపల్‌లో రంగుల ఆట లేకపోయినా పర్వాలేదు. దాని సహజ స్వభావం అంతే.

మోంటానా నీలాలు. అమెరికా నేలలోనే దొరికిన రాయి కనుక ఈ కళాకారులు మక్కువగా వాడారు. మోంటానాలోని యోగో లోయ రాళ్ళు ఒకే తీరు కార్న్‌ఫ్లవర్ పువ్వు నీలి రంగులో, చిన్నవిగా ఉంటాయి. సానబట్టాక రెండు క్యారెట్లు దాటడం అరుదు. అదే రాష్ట్రంలోని మిగతా గనుల నీలాలు లేత ఆకుపచ్చ, పసుపు, గులాబీ, ఉక్కు నీలం రంగుల్లో వస్తాయి. అందువల్ల ముదురు రంగు లేదని నీలం కాదనుకోవద్దు. సహజ నీలంలో రంగు పొరలు కోణాలు తిరిగిన సరళరేఖల్లో ఉంటాయి. గీతలు గ్రామఫోను రికార్డు గీతల్లా వంపు తిరిగి, గుండ్రని బుడగలు తోడైతే అది కొలిమిలో పుట్టిన రాయి, అంటే కృత్రిమంగా చేసినది.

పెరిడాట్, డిమాంటాయిడ్. రెండూ ఆకుపచ్చే. లూప్‌తో రాయి పై పలక గుండా అడుగు పలకల అంచులను చూడండి. పెరిడాట్‌లో ఆ అంచులు రెండేసి గీతలుగా కనబడతాయి. డిమాంటాయిడ్‌లో ఒక్కటే గీత. రష్యాలోని ఉరల్ పర్వతాల డిమాంటాయిడ్‌లో ఒక చుక్క నుంచి విచ్చుకున్న బంగారు వెంట్రుకల గుత్తి కనబడవచ్చు. గుర్రపు తోక అంటారు దాన్ని. ఆ తోక కనబడితే రాయికి విలువ పెరుగుతుంది. పాత జాబితాల్లో, బిల్లుల్లో డిమాంటాయిడ్‌ను ఆలివిన్ అని రాసేవారు. పేరు వేరుగా ఉందని తికమకపడకండి.

టూర్మలిన్. కాలిఫోర్నియాలోని పాలా ప్రాంతపు గులాబీ రాళ్ళు, మెయిన్ రాష్ట్రపు ఆకుపచ్చ, గులాబీ రాళ్ళు ఈ నగల్లోకి వచ్చాయి. రాయిని తిప్పుతూ చూస్తే ఒక దిక్కున ముదురుగా, మరో దిక్కున లేతగా కనబడుతుంది. రంగుగాజులో ఆ తేడా ఉండదు.

కుంజైట్. 1902లో పాలా దగ్గర దొరికింది. టిఫనీ కంపెనీ రత్న నిపుణుడు జార్జ్ ఫ్రెడరిక్ కుంజ్ పేరు మీద దీనికి ఆ పేరు పెట్టారు. లేత ఊదా కలిసిన గులాబీ రంగు. వెలుతురు ఎక్కువ తగిలితే వెలిసిపోతుంది. అందువల్ల పాత నగలో ఇది దాదాపు రంగు లేనట్టు కనబడితే రాయి మారిందని వెంటనే అనుమానించకండి. గూటి అంచు కింద దాగిన భాగంలో రంగు మిగిలిందేమో లూప్‌తో చూడండి.

ముత్యాలు. మిసిసిపీ నది, దాని ఉపనదుల ఆల్చిప్పల నుంచి వచ్చిన వంకర ముత్యాలు ఈ నగలకు ప్రత్యేకం. రెక్కలా, పంటిలా, పూరేకులా ఉంటాయి. ఆ వంకరే వాటి అందం. పూరేకు ఆకృతి ముత్యాన్ని చూసి, దాన్నే రేకుగా పెట్టి పువ్వు అల్లారు. పంటి అంచుకు మెల్లగా ఆనిస్తే నిజమైన ముత్యం సన్నని ఇసుకలా గరగరలాడుతుంది. గాజుపూస జారుతుంది. కల్చర్ ముత్యం (మనిషి ఆల్చిప్పలో పెంచినది) కూడా గరగరలాడుతుంది కనుక అక్కడితో నిర్ధారణ అయిపోదు.

ఎమెథిస్ట్, సిట్రిన్, గార్నెట్, లాపిస్, టర్కాయిస్ కూడా తరచుగా కనబడతాయి.  టర్కాయిస్ రంగు ఆకుపచ్చకు తిరిగితే ఒంటి నూనె, సబ్బు పీల్చిందన్నమాట.

6. కాలానికి అతకని రాళ్ళను పట్టుకోవడం

రాయి పేరు తెలిశాక ఈ పట్టికతో సరిచూడండి. నగ ఫలానా సంవత్సరానిదని అమ్మేవారు చెబితే, ఆ రాయి అప్పటికి పుట్టిందా?

• కొలిమి కెంపు: 1902లో ఫ్రాన్స్‌లో వెర్న్యూయ్ ప్రకటించిన పద్ధతితో వచ్చింది. కొలిమి నీలం 1910 ప్రాంతంలో.
• కుంజైట్: 1902 తర్వాతే.
• బెనిటోయిట్ (నీలి రాయి): 1907 తర్వాతే.
• మార్గనైట్ (గులాబీ రంగు బెరిల్) అనే పేరు: 1910 తర్వాతే.
• వేడి చేసిన నిండు నీలి జిర్కాన్: 1920ల నుంచి.
• టాంజనైట్ (నీలి ఊదా రాయి), సావొరైట్ (ఆకుపచ్చ గార్నెట్): 1960ల చివరి నుంచి.
• క్యూబిక్ జిర్కోనియా (వజ్రంలా కనబడే కృత్రిమ రాయి): 1970ల నుంచి.

1908 నాటిదన్న నగలో టాంజనైట్ ఉంటే, రాయి మారింది లేదా నగే కొత్తది. దీంట్లో సందేహం లేదు.

వ్యతిరేక దిశలో కూడా ఆలోచించాలి. 1915 నాటి నగలో కొలిమి నీలం ఉంటే అది మొదటి నుంచీ అక్కడే ఉండి ఉండవచ్చు. ఆ రోజుల్లో అది కొత్త ముచ్చట. దాన్ని తీసేసి సహజ నీలం పెట్టిస్తే నగను బాగుచేసినట్టు కాదు, చెరిపినట్టు.

7. రాయి, గూడు ఒకదానికొకటి పుట్టాయా?

ప్రతి రాయి చుట్టూ లూప్‌తో ఒక ప్రదక్షిణ చేయండి.

• గూటి అంచుకు, రాయికి మధ్య సందు ఉందా?
• రాయిని పట్టి ఉంచే లోహపు గోళ్ళు అన్నీ ఒకే పొడవు, ఒకే అరుగుదల?
• జిగురు పొంగిన జాడ, పసుపు పచ్చని గడ్డ ఏదైనా?
• రాయి పలకల అంచులు అరిగాయా? లోహం అరిగి, మెత్తని పెరిడాట్ అంచులు మాత్రం కత్తిలా ఉంటే ఆ రాయి కొత్తది.
• రంగు మొత్తానికి కుదిరిందా?

ఈ చివరి ప్రశ్నే నాకు అన్నిటికంటే ముఖ్యం. హేల్, ఓక్స్ వంటి బోస్టన్ కళాకారుల నగలో నాలుగైదు రకాల రాళ్ళు, బంగారు ఆకులు, తీగల మెలికలు గుమిగూడి ఉంటాయి. అయినా కన్ను ఎక్కడా తడబడదు. నగను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని కళ్ళు సగం మూసి చూడండి. ఒక్క రాయి మాత్రం గొంతెత్తి అరుస్తున్నట్టు కనబడితే ముందు దాన్నే లూప్ కిందికి తీసుకురండి. పది సార్లలో ఎక్కువసార్లు మారిన రాయి అదే అవుతుంది.

8. తరచుగా జరిగే పొరపాట్లు

కరిగించడం. ఇంట్లో పాత బంగారాన్ని మార్చి కొత్తది చేయించుకునే అలవాటు మనకు తరాలుగా ఉంది. 14 క్యారెట్లంటే తరుగు పోగా ఏం మిగులుతుందన్న లెక్కతో ఇలాంటి నగలు కరిగిపోతున్నాయని తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. దిద్దుబాటు: నగ బరువుకు ధర కట్టే దుకాణానికి దీన్ని మొదట చూపించవద్దు. చేతిపని విలువ తెలిసిన వేలం సంస్థ లేదా పాత నగల నిపుణుల అభిప్రాయం రెండు చోట్ల తీసుకోండి.

నల్లదనాన్ని తోమేయడం. వెండి పల్లాల్లోని నలుపును చాలాసార్లు కళాకారులే కావాలని తెచ్చారు, ఆకుల ఈనెలు తేలి కనబడాలని. మెరిసేలా తోమితే ఆ లోతు పోతుంది. దిద్దుబాటు: తోమకపోవడమే. ఇప్పటికే తోమి ఉంటే రసాయనాలతో మళ్ళీ నలుపు చేయించకండి. వాడుకలో దానంతటదే తిరిగి వస్తుంది.

రోడియం పూత. ఈ తెల్లని లోహపు పూత పాత వెండిని కొత్త తెల్ల బంగారంలా మార్చేస్తుంది. చేయించవద్దు.

అల్ట్రాసోనిక్ యంత్రం (ధ్వని తరంగాలతో నగలు శుభ్రం చేసేది). ఇది నేను చేసిన తప్పు. ఓపల్ ఉన్న ఒక ఉంగరాన్ని శుభ్రం చేయించడానికి ఇచ్చాను, యంత్రంలో వేయవద్దని చెప్పడం మరిచాను. తిరిగి వచ్చినప్పుడు రాయి మధ్యలో వెంట్రుకంత గీత. వేలితో తడిమితే తెలియదు, వెలుగులో పెడితే రంగుల ఆట అక్కడ తెగిపోతుంది. ఆ గీతకు దిద్దుబాటు లేదు. అందుకే ఇప్పుడు ఏ నగ ఇచ్చినా చీటీ మీద రాసి ఇస్తున్నాను.

9. శుభ్రం చేయడం

ముందు మీ నగ ఏ గుంపులోదో చూసుకోండి.

నీళ్ళు అసలు తగలకూడనివి: వెనుక మూసిన గూళ్ళు, రేకు ఉన్న రాళ్ళు, ముత్యాలు, టర్కాయిస్, అతికించిన ఓపల్, పగిలిన మీనా. వీటిని పొడి మెత్తని నూలు గుడ్డతో, కొత్త మెత్తని చిత్రలేఖనపు కుంచెతో దులిపితే చాలు.

నీళ్ళు తగలవచ్చు అనిపించేవి: తెరిచిన గూళ్ళలో గట్టిగా కూర్చున్న నీలం, గార్నెట్, టూర్మలిన్, ఎమెథిస్ట్. గోరువెచ్చని నీటిలో ఒకటి రెండు చుక్కల తేలికపాటి సబ్బు కలిపి, పసిపిల్లల బ్రష్షుతో మెల్లగా రుద్దండి. నగను నానబెట్టవద్దు. గిన్నె అడుగున గుడ్డ పరచండి, రాయి ఊడినా దొరుకుతుంది. వెంటనే తుడిచి గాలికి ఆరనివ్వండి.

మన వంటింటి పద్ధతులు ఇక్కడ వద్దు. చింతపండు పులుపు ముత్యపు పొరను తినేస్తుంది. విభూది, పళ్ళపొడి, వంటసోడా మెత్తని రాళ్ళ మీద గీతలు పెడతాయి. కుంకుడు రసం సందుల్లో చేరి ఎండిపోతుంది.

10. మరమ్మతుకు, ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు

రాయి కదులుతుంటే వేసుకోవడం ఆపి, నగను గుడ్డలో చుట్టి పనివారి దగ్గరకు తీసుకెళ్ళండి. ఈ మాటలు రాతపూర్వకంగా ఇవ్వండి:

• రాళ్ళు ఉండగా మంట చూపవద్దు. ఓపల్, చంద్రకాంతం, పెరిడాట్, టూర్మలిన్, ముత్యం, మీనా ఏదీ ఆ వేడికి తట్టుకోదు. వీలైతే లేజర్‌తో అతకాలి.
• యంత్రంలో శుభ్రం చేయవద్దు, ఆవిరి పట్టవద్దు.
• పాలిష్ చక్రానికి పెట్టవద్దు.
• ముద్ర ఉన్న చోటు ముట్టుకోవద్దు.
• తీసిన ప్రతి ముక్క, విరిగిన పిన్నుతో సహా, తిరిగి ఇవ్వాలి.

జీఐఏ వంటి రత్న పరీక్ష సంస్థ రాయి ఏమిటో, సహజమో కృత్రిమమో చెబుతుంది. నగ ఎవరు చేశారో, ఏ సంవత్సరమో చెప్పదు. రెండింటికీ వేర్వేరు నిపుణులు కావాలి. ల్యాబ్‌కు ఇచ్చే ముందు రాయిని గూటి నుంచి తీయకుండానే పరీక్షించగలరా అని అడగండి. తీసి తీరాలంటే ఇవ్వకండి. వందేళ్ళుగా ఒకే చోట కూర్చున్న అంచును ఒక్కసారి విప్పితే అది మళ్ళీ అలాగే మూసుకోదు.

11. దాచుకోవడం, ధరించడం

ప్రతి నగకూ విడి గుడ్డ సంచి. నీలం పక్కన ముత్యం పెడితే ముత్యం గీతలు పడుతుంది. ఓపల్ ఉన్న పెట్టెలో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేయవద్దు. ఓపల్ లోపలే నీరు ఉంటుంది, ఎండిపోతే పగులుతుంది. కుంజైట్‌నూ ఎమెథిస్ట్‌నూ కిటికీ దగ్గర అద్దాల బీరువాలో ఉంచకండి.

అత్తరు, తల నూనె, పౌడరు అన్నీ అయ్యాకే నగ పెట్టుకోండి.

బ్రోచ్‌ను పట్టుచీర పైట మీద పెట్టాలనుకుంటే, పైట మడతల లోపల చిన్న మందపాటి నూలు ముక్కను ఉంచి, పిన్ను ఆ ముక్క గుండా కూడా పోయేలా గుచ్చండి. బరువు పట్టు దారం మీద పడదు, నగ ముందుకు వాలదు. తాళం లేని సి కొక్కెమైతే పిన్ను మొనకు చిన్న రబ్బరు గుండీ తొడగండి. ఇంటికి రాగానే దాన్ని తీసేయండి, రబ్బరు చాలాసేపు ఆనితే వెండి నల్లబడుతుంది.